మేఘాల మీద ఎర్ర కారు

మా ఆయన యుగంధర్ చేపల వ్యాపారి. కాకినాడ హార్బరులో బోట్లు దింపిన సరుకు కొని హోటళ్ళకి వేస్తాడు. మొప్ప ఎత్తి చూడకుండా దేవుడు చేతికిచ్చినా చేప తీసుకోడు. పాల ప్యాకెట్టు కూడా తిప్పి తిప్పి చూస్తాడు. పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే చూశాడు. అలాంటి మనిషి ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కదాని దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. అది ఎర్ర స్పోర్ట్స్ కారు.

రెండే తలుపులు. నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్ళు. స్టార్ట్ చేస్తే వీధిలో పడుకున్న కుక్కలన్నీ లేచి నిలబడతాయి. కొత్తది కొనే తాహతు మాకు లేదు. ఇది రాజమండ్రి షోరూము వాళ్ళ డెమో కారు. అంటే, కొనడానికి వచ్చినవాళ్ళ చేత నడిపించడానికీ, పత్రికలవాళ్ళకీ యూట్యూబువాళ్ళకీ ఇచ్చి నాలుగు మంచి మాటలు రాయించుకోవడానికీ, ఊరూరా సెంటర్లో నిలబెట్టి జనానికి చూపించడానికీ ఉంచుకున్న బండి. ఆ పని అయిపోయాక తక్కువకి అమ్మేస్తారు. అక్కడ సేల్స్ మేనేజరు ఉదయ్‌కుమార్ గారు మా ఆయనకి స్వయానా బావ, మా వదిన లక్ష్మీదుర్గ భర్త. నాకు అన్నయ్య వరస. "నీకు ఇష్టమని ఆపి ఉంచానురా బామ్మర్దీ. బయట ఎవరికీ చెప్పలేదు," అని ఆయన ఫోన్ చేశారు. మా ఆయన ఇంకో మాట లేకుండా వెళ్ళి తెచ్చేసుకున్నాడు.

బండి గుమ్మం ముందు ఆగగానే మా అత్తగారు సుబ్బాయమ్మ మొదలుపెట్టారు.

"ఎవరిదిరా ఇది?"

"షోరూముదమ్మా."

"షోరూమంటే ఎవరు? మనిషికి పేరుండదా?"

మా అత్తగారి లెక్క వేరు. వాళ్ళవైపు పాత పడవ కొనాలంటే, అమ్మేవాడు కొనేవాడి ఇంటికొచ్చి భోంచెయ్యాలి. అన్నం తింటూ ఆ పడవ సంగతులన్నీ చెప్పాలి. ఎక్కడ చిల్లుపడింది, ఏ తుఫానుకి కొట్టుకుపోయి దొరికింది, దాని మీంచి మనిషెవరైనా పోయాడా. అన్నం ముందు కూర్చుని అబద్ధం ఆడరని వాళ్ళ నమ్మకం. మనిషి పోయిన పడవని ఎవరూ కొనరు, చెక్కలు విప్పి అమ్ముకోవాల్సిందే. ఈ కారు సంగతి చెప్పడానికి ఎవరొచ్చి తింటారని ఆవిడ ప్రశ్న. ఉదయ్‌కుమార్ అన్నయ్యగారు మన ఇంట్లో ఎన్నిసార్లు తినలేదు అన్నాను నేను. అది లెక్కలోకి రాదట. అల్లుడు మర్యాదకి తింటాడు గానీ సాక్ష్యానికి తినడట.

మా ఆయన నవ్వేశాడు గానీ, ఆ మాట ఆయన బుర్రలో మకాం వేసింది. మర్నాటి నుంచి కారు మొప్పలు ఎత్తడం మొదలైంది. డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాట్ కొత్తది, పక్కది పాతది. ఎందుకు? ముందు బంపరు కింద ఎరుపు ఒక పిసరు ముదురుగా ఉంది. ఎందుకు? తలుపు అరలో ఎండిపోయిన చామంతి రేకులు దొరికాయి. స్పోర్ట్స్ కారులో చామంతులేంటి? ఒక్కొక్కటీ నాకు చూపించి, నా మొహంలోకి చూసేవాడు. నేను తేలిగ్గా తీసేసేదాన్ని. కానీ ఆ రేకులు చూశాక నాకూ ఆ కారులో కాళ్ళు చాపుకుని కూర్చోబుద్ధి కాలేదు.

"మ్యాట్ ఎందుకు మార్చారు బావా?" అని ఫోన్ చేసి అడిగాడు.

"పాడైతే మార్చుంటార్లే. వందమంది తొక్కిన మ్యాట్ కదరా."

"మార్చుంటారంటే? నీకు తెలీదా?"

"అన్నీ నేనే చూస్తానా ఏంటి?"

ఫోన్ పెట్టేసి, "చూశావా, తెలీదు అనలేదు, తెలుసు అనలేదు," అన్నాడు నాతో.

ఓ రోజు తుని వెళ్ళాం. పెట్రోలు బంకులో ఒకాయన మా కారు చుట్టూ తిరిగి, వంగి నంబరు చూసి, పక్కనున్నతనితో "అదే ఇది" అన్నాడు. మా ఆయన దిగి "ఏది ఏదండీ?" అని అడిగితే, "అబ్బే, ఏం లేదండి," అని నవ్వి జారుకున్నాడు. యూట్యూబులో చూసుంటాడులే అన్నాను. "అయితే ఆ ముక్క చెప్పడానికేం?" అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత వారమే మేం ఆ ఫ్లెక్సీ చూశాం.

భీమవరంలో బాకీ లేని ఒక మంచి హోటలు యజమానిని కలవడానికి వెళ్తున్నాం. రావులపాలెం సెంటర్లో, అరటి మార్కెట్టు దగ్గర లారీలు అడ్డొచ్చి కారు ఆగింది. నేను కిటికీలోంచి ఊరికే చూస్తున్నాను. స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన 'అశ్రునివాళి'. కింద మేఘాలు, తెల్ల పావురాలు, ఆ మేఘాల మీద తేలుతూ ఒక ఎర్ర కారు. తలుపు తెరుచుకుని, స్టీరింగు ముందు ఒక కాలు బయటికి పెట్టి కూర్చున్న కుర్రాడు. నల్ల కళ్ళజోడు, నోరంతా నవ్వు. రాజ్ కుమార్ అని పేరు. వయసు పాతిక కూడా ఉండదు. కారు నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తోంది.

అది మేం కూర్చున్న కారు నంబరు.

మా ఆయన చేతులు స్టీరింగు మీద నుంచి వాటంతటవే కిందికి జారాయి. ఆ కుర్రాడు కూర్చున్న సీట్లోనే ఈయన కూర్చుని ఉన్నాడు. వెనకనుంచి లారీ వాళ్ళు హారన్లు కొడుతున్నా మాకు వినపడలేదు. కాసేపటికి ఆయన దిగి, ఫ్లెక్సీని ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చాడు. మేం భీమవరం వెళ్ళలేదు. బండి తిప్పి నేరుగా రాజమండ్రి, వదిన వాళ్ళింటికి పోయాం.

వదిన అప్పుడే భోజనాలకి కంచాలు పెడుతోంది. "రారా, టైముకొచ్చారు," అంది. మా ఆయన కూర్చోలేదు. ఫోన్ తీసి బావ ముందు పెట్టాడు.

"ఈ బండిలో మనిషి పోయాడా, లేదా?"

ఉదయ్‌కుమార్ అన్నయ్యగారు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశారు. ఆ మొహంలో రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"ఎప్పుడు పోయాడు?" అన్నారు.

"నన్నడుగుతావేంటి బావా? నాకు అంటగట్టింది నువ్వు. మా అక్కని చేసుకుని, మా ఇంటి అన్నం తిని, శవాన్ని దింపిన బండి నా నెత్తిన పెట్టావు. బయటివాడైతే గొడవ చేస్తాడని బామ్మర్దిని చూసుకున్నావు."

"ఏవండీ, కాదని చెప్పండి," అంది వదిన. గరిట ఆవిడ చేతిలో అలాగే ఉంది.

ఆయన చెప్పలేదు. ఫోన్ తిరిగిచ్చేసి, "కారు ఇక్కడ వదిలేసి వెళ్ళు. నీ డబ్బు నేను తెచ్చిస్తాను," అన్నారు.

మా హార్బరులో ఒక తీరుంది. సరుకు కుళ్ళిందని కొన్నవాడు నిలదీస్తే, మంచి సరుకు అమ్మినవాడు రేవంతా వినపడేట్టు అరుస్తాడు, బుట్ట బోర్లించి చూపిస్తాడు. కుళ్ళిన సరుకు అమ్మినవాడే నోరెత్తకుండా డబ్బు వాపసు ఇస్తానంటాడు. మా ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నది అదే. ఇంక వేరే రుజువు అక్కర్లేకపోయింది. నాకూ అంతే అనిపించింది.

వదిన గేటు దాకా వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వన్నది నిజమైతే ఆయనతో నేను మాట్లాడను. అబద్ధమైతే నీతో మాట్లాడను. ఏదో తేల్చుకుని రా."

అంతవరకూ రోజూ పొద్దున్న హార్బరులో చేపల వేలంపాట అయిపోయే వేళకి వదిన ఫోన్ వచ్చేది. ఏం చేపలు పడ్డాయి, తిన్నావా, అమ్మకి మందు వేశారా. ఆ ఫోన్ ఆగిపోయింది. మా ఆయన చేతిలో చేప పట్టుకుని, ఫోన్ వంక చూస్తూ నిలబడిపోతున్నాడని హార్బరులో వాళ్ళే నాతో అన్నారు. మామగారు పోయాక ఈయన్ని ఒళ్ళో వేసుకుని పెంచింది వదినే. బావ దొంగయితే అక్క కాపురం పాడవుతుంది, కాకపోతే తనకి అక్క ఉండదు. ఎటు తేలినా నష్టమే అని తెలిసి కూడా తేల్చుకోకుండా ఉండలేకపోయాడు. కారు బావ దగ్గర వదలకుండా ఇంటికి తెచ్చి, దాని మీద పడవ టార్పాలిన్ కప్పేశాడు. మా అత్తగారు ఆ పక్కకే వెళ్ళడం మానేశారు.

"బావ ముందే రావులపాలెం వెళ్ళి ఆ కుర్రాడి ఇంటివాళ్ళకి చెప్పాల్సింది చెప్పేస్తాడేమో. మనమే ముందు వెళ్ళాలి," అన్నాడు ఒక పొద్దున్న.

ఆ కారులోనే వెళ్దామన్నాడు. బండి చూడగానే వాళ్ళ మొహాలు ఎలా మారతాయో చూడాలట. చొక్కా జేబులో ఫోన్ రికార్డింగులో పెట్టుకున్నాడు. వద్దన్నాను. రేపు పెద్దల్లో కూర్చోబెడితే నోటిమాట చెల్లదన్నాడు. దారి పొడుగునా నేను ఆ సీట్లో వీపు ఆనించకుండా కూర్చున్నాను.

ఫోన్లో తీసుకున్న ఫొటోలో ఫ్లెక్సీ అడుగున 'ఇట్లు, గెలల యార్డు మిత్రులు' అని ఉంది, అందుకని తిన్నగా యార్డులోకే పోనిచ్చాడు. కూలీలు అరటి గెలలు లారీకి ఎక్కిస్తున్నారు. మా కారు చూసి ఒకతను భుజం మీది గెల దింపేశాడు. ఇంకొకణ్ణి పిలిచాడు. చూస్తుండగానే ఏడెనిమిది మంది కారు చుట్టూ చేరారు. ఒకతను డ్రైవరు తలుపు మీద చెయ్యేసి, మళ్ళీ తీసేసుకున్నాడు.

"ఇది మన రాజ్ కుమార్ కారేరా," అన్నాడు.

మా ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. "విన్నావా?"

మేమేమీ అడగకముందే, "ఆళ్ళమ్మకి చూపిద్దాం, రండి సార్," అని ఒకతను మోటారు సైకిలెక్కి ముందు దారి తీశాడు. సందులోకి కారు పట్టదు. మొదట్లోనే ఆపాం. అతను లోపలికి వెళ్ళి ఒకావిణ్ణి తీసుకొచ్చాడు. పేరు బేబి. నా ఈడే ఉంటుంది, తల మాత్రం నెరిసిపోయింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారుని చూసి ఆగిపోయింది. బంపరు దగ్గర నుంచి వెనక దాకా చూసింది. తర్వాత ఆ డ్రైవరు సీటు వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. చేపల పాటలో ధర చెప్పే గొంతుతో మొదలుపెట్టబోయాడు. నేనే ముందు అడిగేశాను.

"మీవాడు... ఈ కారులోనేనా అండీ పోయింది?"

ఆవిడ నా వైపు అర్థంకానట్టు చూసింది.

"కారులోనా? కారెక్కడిదమ్మా మాకు? ఆడికి సైకిలు కూడా లేదు. పచ్చకామెర్లండి. పసరు వేయిస్తే తగ్గుతాదనుకున్నాం. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయిందన్నారు."

"మరి ఆ ఫొటో?" అన్నాడు మా ఆయన. గొంతులో పాట పోయింది.

"ఆడి ఫోన్లో మంచి ఫొటో అదొక్కటేనండి. మిగతావన్నీ గెలల మీద కూర్చుని, అరటి మరకల బనీనుతో దిగినవే. ఇది మా సెంటర్లో నిలబెట్టారు కదండీ ఒకసారి, పూలదండలేసి. కుర్రాళ్ళు దగ్గరికెళ్తే వాచ్‌మేను తోలేసేవోడంట. ఆ షోరూము బాబు ఒకాయన మావోణ్ణి పిలిచి, అందులో కూర్చోబెట్టి, తన కళ్ళజోడు తీసి పెట్టి, మావోడి ఫోన్తోనే ఫొటో తీశాడంట. ఈసారి వచ్చినప్పుడు గోదావరి వంతెన దాకా తిప్పుతాను, ఇక్కడే ఉండు అన్నాడంట. ఆ ముక్క చెప్పి చెప్పి మమ్మల్ని చంపేశాడండి. ఆ బాబు మళ్ళీ రాలేదు. ఆడూ ఆగలేదు."

మా ఆయన కారుకి ఆనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అన్నయ్యగారు కుర్చీ వెతుక్కుని కూర్చోవడం, 'ఎప్పుడు పోయాడు' అని అడగడం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

బేబి గారు కొంగుతో మొహం తుడుచుకుని మా ఆయన్ని అడిగింది.

"ఆ బాబు మీకు తెలుసా అండి?"

"మా బావండి."

"ఆయ్, అలాగా! మావోడు పోయాడని తెలుసాండి ఆయనకి?"

"తెలుసండి."

"ఎవరు చెప్పారు బాబూ?"

"నేనే చెప్పానండి."

"పోన్లెండి, మన మనిషే చెప్పారు. మెల్లిగా చెప్పారా బాబూ? అలాంటాళ్ళకి మనసు మెత్తగా ఉంటాది. ఒక్కసారే చెప్తే తట్టుకోలేరు."

మా ఆయన తలొంచుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, రికార్డింగు ఆపి, అక్కడే చెరిపేశాడు. బేబి గారు ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇస్తే, నిలబడే తాగి బయల్దేరాం.

వంతెన మీద ఆయన ఒకే మాట అన్నాడు. "కాళ్ళు పట్టుకుంటాను రమ్యా." పట్టుకో అన్నాను.

రాజమండ్రిలో తలుపు తీసింది అన్నయ్యగారే. ఎప్పుడూ 'రారా బామ్మర్దీ' అని భుజం మీద చరిచే మనిషి, పక్కకి తప్పుకుని, "రండి, కూర్చోండి," అన్నారు. మా ఆయన నిజంగానే కాళ్ళ మీద పడబోయాడు. ఆయన రెండు చేతులతో ఆపేశారు. రావులపాలెంలో విన్నదంతా చెప్పాడు. ఆయన అంతా విని, "వాళ్ళమ్మగారు ఎలా ఉన్నారు?" అని మాత్రం అడిగారు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు అన్నయ్యగారూ? ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా," అన్నాను నేను.

"ఆ కుర్రాడు పోయాడని అప్పుడే తెలిసింది తల్లీ. ఆ నిమిషంలో నేను మంచివాణ్ణని నేనే చెప్పుకోవాలా?"

"తప్పయిపోయింది బావా," అన్నాడు మా ఆయన.

"తప్పేముందండి. డెమో కారు కదా, కొన్నవాళ్ళకి అనుమానాలు మామూలే. కస్టమర్లతో మాకు అలవాటే. మ్యాట్ సంగతి కూడా కనుక్కున్నాను. బురదకాళ్ళతో ఎక్కితే పాడైందట. ఎండకి పైన రంగు వెలిసి, బంపరు కింద ముదురుగా కనిపిస్తోంది. పూలు, సెంటర్లో పెట్టినప్పుడు వేసిన దండలవి."

ఒక్కొక్కటీ కౌంటరు అవతల నిలబడిన మనిషిలా చెప్పారు. కోపం ఉంటే బాగుండుననిపించింది. తిడితే పడేవాళ్ళం.

"అక్కా," అని వంటింటి వైపు పిలిచాడు మా ఆయన. లోపల గిన్నె చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. ఇంకోసారి పిలిచాడు. అన్నయ్యగారే, "దుర్గా, పిలుస్తున్నాడు," అన్నారు. నేను లేచి లోపలికి వెళ్ళాను.

వదిన పొయ్యి ముందు నిలబడి ఉంది. కాఫీ కలుపుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు దగ్గరగా జరిగి నా చెయ్యి పట్టుకుంది. నా మీద కోపం లేదన్నమాట, అంతవరకు నయమే అనుకున్నాను. ఈయనకి పాలు తాగడం నేర్పింది ఆవిడ. ఏ చేప ముల్లు ఎలా తియ్యాలో నేర్పింది ఆవిడ. మూడు గ్లాసుల్లో పంచదార వేసి, నాలుగో గ్లాసు దగ్గర ఆగింది.

"రమ్యా, మీ ఆయనకి పంచదార ఎంత వెయ్యాలో చెప్పు," అంది.

ముందు గదిలోకి ఆ మాట వినపడింది.

"రెండు చెంచాలు వదినా," అన్నాను.

ఆవిడ డబ్బా మూత తీసి, కొలిచి రెండు చెంచాలు వేసింది. గ్లాసు నా చేతికిచ్చింది.